సాయం ఎవరికి అందలేదు?

(కాకినాడలో వైద్య విద్యార్థులు, రెడ్‌క్రాస్ వాలంటీర్ల ముందు ఒక రిటైర్డ్ డాక్టరుగారు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, మొహమాటపడకండి.

యుద్ధాల్లో, ఆపదల్లో సాయం గురించి మాట్లాడమని మీవాళ్ళు అడిగారు. చాలా పెద్ద విషయం. నేను మాత్రం ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చుంటాను. ఎక్కడ ఏం జరిగినా ఎన్ని లారీలు వెళ్ళాయి, ఎన్ని బస్తాల బియ్యం పంచారు, ఎంతమందికి మందులిచ్చారు, ఇవన్నీ మర్నాడు పేపర్లో ఫొటోతో సహా వస్తాయి. ఎవరికి అందలేదు? ఎందుకు అందలేదు? అది రాదు. సాయం చేసేవాడు ఆ ప్రశ్న వేసుకోవాలి. జవాబు తెలిస్తే బయటికి చెప్పాలి. "నేను ఇవ్వాల్సింది ఇచ్చేశాను, మిగతాది నా పని కాదు" అనే హక్కు మనకి లేదు. ఈ పూట నేను చెప్పేదంతా ఇదే.

మన ఊరితోనే మొదలుపెడతాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే రోజు విశాఖపట్నం మీద కూడా వేశాయి. ఈ సంగతి ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా, అయిదారుగురు. విశాఖలో జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పోయారు. కానీ అప్పటికే మనవాళ్ళు అంతకన్నా పెద్ద ఆపదలో ఉన్నారు. ఇక్కడ కాదు, బర్మాలో.

ఇక్కడికి దగ్గర్లోనే కోరంగి ఉంది. మీరు మడ అడవులు చూడ్డానికి వెళ్ళే కోరంగి. ఒకప్పుడది పెద్ద రేవు. ఈ తీరం నుంచి, అటు శ్రీకాకుళం, విశాఖ నుంచి, ఇటు గోదావరి నుంచి ఏటా వేలమంది రంగూన్ పోయేవారు. బర్మావాళ్ళు తెలుగువాళ్ళని కోరంగీలు అనే పిలిచేవారు. రంగూన్ రేవులో సరుకు దించింది మనవాళ్ళు. రిక్షాలు లాగింది మనవాళ్ళు. ఊరి మురికి ఎత్తిపోసిందీ చాలావరకు మనవాళ్ళే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే ఉన్నారంటే మీరే ఊహించుకోండి.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటి బాంబులు పడ్డాయి. విమానాలు చూద్దామని జనం వీధుల్లోకి వచ్చి ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డారు. అలా నిలబడ్డవాళ్ళలో ఎంతోమంది అక్కడికక్కడే పోయారు. రేవు కూలీలు పిల్లల్ని ఎత్తుకుని ప్రోమ్ వైపు నడక మొదలుపెట్టారు. అక్కణ్ణించి కొండలు దాటితే అరకాన్ తీరం, అక్కణ్ణించి చిట్టగాంగ్. మరి ప్రభుత్వం ఏం చేసింది? దారి మూసింది. వెనక్కి వెళ్ళి పనిలో చేరమంది. రేవులో సరుకు దించేవాళ్ళు లేకపోతే సైన్యానికి సామాను చేరదు. మురికి ఎత్తేవాళ్ళు లేకపోతే ఊళ్ళో రోగాలు. ఆ కూలీతో అవసరం ఉంది కాబట్టే ఆ కూలీని కదలనివ్వలేదు. గమనించండి, ఇది సాయం అందకపోవడం కాదు. ప్రాణం కాపాడుకోవడానికి తన కాళ్ళ మీద తాను పోతున్న మనిషిని ఆపడం.

మార్చి మొదట్లో రంగూన్ జపాన్ చేతికి పోయింది. డబ్బున్నవాళ్ళకి అప్పటికే ఓడల్లో చోటు దొరికింది. కూలీలకి మిగిలింది నడక. మాండలే నుంచి చిండ్విన్ నది దాటి, తాము అనే ఊరి మీదుగా మణిపూర్. కొంతమంది ఇంకా ఉత్తరంగా హుకాంగ్ లోయలోంచి అస్సాం. లక్షలమంది అలా నడిచారు. మే నెలలో వానలు పట్టుకున్నాయి. మలేరియా, కలరా, ఆకలి. దారిలో ఎంతమంది పోయారు? పదివేలని కొందరు, యాభై వేలని కొందరు, ఇంకా ఎక్కువని కొందరు రాశారు. పేర్లు రాసుకున్నవాళ్ళు లేరు. అందుకే లెక్క తేలలేదు, ఇక తేలదు.

ఇప్పుడు అసలు విషయం. మణిపూర్ కొండల దగ్గర రెండు దార్లయ్యాయి. యూరోపియన్లకీ, ఆంగ్లో బర్మన్లకీ ఒకటి. దాంట్లో బళ్ళున్నాయి, ఆగడానికి చోట్లున్నాయి. భారతీయులకి ఇంకొకటి. అది దూరం, నిటారు. తెల్లదారి, నల్లదారి అని జనం పేరు పెట్టారు. హృదయనాథ్ కుంజ్రూ వంటి పెద్దలు స్వయంగా వెళ్ళి చూసొచ్చి ఆ విషయం బయటపెట్టారు. ఆ ఏడాది అలహాబాదులో జరిగిన కాంగ్రెస్ కమిటీ సమావేశంలో దీని మీద తీర్మానం చేశారు.

అదే దారిలో అస్సాం టీ తోటల వాళ్ళు శిబిరాలు పెట్టారు. టీ తోటల కూలీలు ఆ వానల్లో రోడ్లు వేశారు, కొండలెక్కి బియ్యం మోశారు, నడిచొచ్చిన వాళ్ళకి వేడి టీ, అన్నం ఇచ్చారు. వాళ్ళు వేల ప్రాణాలు నిలబెట్టారు. ఆ శిబిరాలే లేకపోతే చావులు ఇంకెన్ని అయ్యేవో. కాబట్టి ఆ దారిలో సాయమే లేదని నేననడం లేదు. సాయం ఉంది, ప్రాణాలకి తెగించి చేశారు. రంగు చూసి దారి పంచడం కూడా ఉంది. రెండూ ఒకే కొండ మీద, ఒకే నెలలో జరిగాయి. మొదటిది చెప్పుకుని రెండోది వదిలేస్తే ఆ కొండ మీద పోయినవాళ్ళకి ద్రోహం చేసినట్టు. రెండోది చెప్పి మొదటిది వదిలేస్తే ఆ టీ తోట కూలీకి ద్రోహం.

ఇది పాత కథ అనుకుంటున్నారేమో. మీ సీనియర్లని అడగండి, యుక్రెయిన్‌లో ఎంబీబీఎస్ చదవడానికి వెళ్ళినవాళ్ళని. 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలైంది. మన ప్రభుత్వం ఆపరేషన్ గంగ పెట్టి ఇరవై రెండు వేలమందికి పైగా వెనక్కి తెచ్చింది. వాళ్ళలో తెలుగు పిల్లలు చాలామంది. వాళ్ళు చెప్పింది వినండి. మార్చి 2న ఖార్కివ్ వదిలి వెంటనే వెళ్ళిపొమ్మని, బండి దొరక్కపోతే నడిచైనా పొమ్మని మన ఎంబసీ చెప్పింది. స్టేషన్లో రైలెక్కబోతే ముందు యుక్రెయిన్ ఆడవాళ్ళని, పిల్లల్ని ఎక్కించారు. అది న్యాయమే. కానీ ఆ తర్వాత కూడా మనవాళ్ళని, ఆఫ్రికా పిల్లల్ని పక్కకి నెట్టారని ఎంతమంది చెప్పారు! సరిహద్దు గేట్ల దగ్గర మంచులో గంటలు గంటలు నిలబెట్టారని చెప్పారు. 1942లో అది సర్కారు ఏర్పాటు. 2022లో జరిగింది చాలావరకు తొక్కిసలాటలో, భయంలో జరిగింది. రెంటినీ ఒకటే అనను. కానీ లైన్లో చివర నిలబడ్డవాడికి ఆ తేడా తెలుస్తుందా? అదే సరిహద్దు దాటాక పోలండ్, రుమేనియా ఊళ్ళలో ముక్కూమొహం తెలియనివాళ్ళు మన పిల్లలకి తిండి పెట్టి, పడుకోవడానికి చోటిచ్చి పంపారు. అదీ చెప్పాలి.

సరే. డాక్టర్లం కదా, ఇప్పుడు ఒక ఆసుపత్రి గదిలోకి తీసుకెళ్తాను.

1971. మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో మారణకాండ మొదలుపెట్టింది. ఏడాది తిరక్కుండా దాదాపు కోటిమంది సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు. త్రిపుర జనాభా అప్పటికి పదిహేను లక్షల పైన. ఆ ఒక్క రాష్ట్రానికి వచ్చిన శరణార్థులే పద్నాలుగు లక్షల దాకా. వానలొచ్చాయి, వెనకే కలరా వచ్చింది.

పశ్చిమ బెంగాల్లో సరిహద్దు పక్కన బన్‌గావ్ అనే ఊరు. అక్కడి ఆసుపత్రిలో కలరా కోసం రెండు గదులు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ వెళ్ళేసరికి రోగులు నేల మీద ఒకళ్ళ పక్కన ఒకళ్ళు, విరేచనాల్లో, వాంతుల్లో పడి ఉన్నారు. సెలైన్ పెట్టాలంటే డాక్టరు ఆ మురికిలోనే మోకాళ్ళ మీద కూర్చోవాలి. వెయిన్ దొరకదు. దొరికినా సీసా లేదు. ఎక్కించడం తెలిసినవాళ్ళు లేరు. ఇలాగైతే ఓడిపోతామని ఆయనకి ఒకటి రెండు రోజుల్లోనే అర్థమైపోయింది.

ఇప్పుడు మీరు చెప్పండి. సెలైన్ యాభైమందికి ఉంది, రోగులు అయిదొందలమంది. ఏం చేస్తారు? యాభైమందికి బాగా వైద్యం చేసి, మా వంతు చేశాం అంటారా? చాలామంది అంతే అంటారు. తప్పు కూడా పట్టలేం. మహలనబిస్ చూపు మిగతా నాలుగొందల యాభైమంది మీద పడింది. లీటరు నీళ్ళకి 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల సోడియం బైకార్బొనేట్. కలకత్తాలో తమ సంస్థ లైబ్రరీ గదిలో తూకం వేసి ప్యాకెట్లు కట్టించారు. బన్‌గావ్‌లో డ్రముల్లో కలిపి, కుళాయిలు బిగించి పెట్టారు. తాగించేది ఎవరు? నర్సులు లేరు కదా. తల్లి, అన్న, భార్య, ఎవరు పక్కనుంటే వాళ్ళ చేతికే గ్లాసు ఇచ్చారు. వాంతి అయినా సరే, మళ్ళీ కొంచెం కొంచెం తాగించండి అని చెప్పారు. కొన్ని శిబిరాల్లో కలరా వచ్చినవాళ్ళలో నూటికి ముప్పైమంది దాకా పోతున్న రోజులవి. ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళలో నూటికి నలుగురి లోపే పోయారు.

ఆ ద్రావణం కనిపెట్టింది ఆయన కాదు. ఢాకాలో, కలకత్తాలో పరిశోధకులు అప్పటికే ఆసుపత్రుల్లో వాడి చూశారు. కానీ అక్కడ డాక్టర్లున్నారు, నర్సులున్నారు, గంటగంటకీ కొలతలున్నాయి. శరణార్థి శిబిరంలో, చదువురాని తల్లి చేతికి ఇవ్వొచ్చా? పెద్ద పెద్ద వాళ్ళకే నమ్మకం లేదు. ఆయన ఇచ్చారు. బాధ్యత తన మీద వేసుకుని ఇచ్చారు. ఆ తర్వాత లోకమంతా అదే దారి పట్టింది. ఇవాళ మనూళ్ళో ఏ మందుల షాపులో అడిగినా ఇచ్చే ఓఆర్ఎస్ ప్యాకెట్ వెనక ఆ నేల మీద పడుకున్న శరణార్థులున్నారు. ఆయన 2022లో పోయారు. పోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఆ కోటిమంది ఖర్చు ఎవరు పెట్టారు? బయటి దేశాలు ఇచ్చింది కొంత. మిగతాది మనమే. మీ ఇళ్ళలో పాత ట్రంకుపెట్టెలుంటే వెతకండి. 1971 నవంబరు 15 నుంచి ఉత్తరం కవరు మీద అయిదు పైసల స్టాంపు అదనంగా అంటించాలి. మొదట్లో కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే 'శరణార్థి సహాయం' అని హిందీలో, ఇంగ్లీషులో అచ్చుగుద్ది ఇచ్చారు. తర్వాత శరణార్థి కుటుంబం బొమ్మతో వేరే స్టాంపు వేశారు. అమలాపురంలో పెళ్ళికూతురు పుట్టింటికి రాసిన ఉత్తరం మీద కూడా అదే స్టాంపు. బెంగాల్ ఎటుందో తెలియనివాళ్ళు కూడా అయిదేసి పైసలిచ్చారు. మన దేశం చేసిన గొప్ప పనుల్లో అదొకటని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

మరి మన ప్రశ్న? అక్కడ ఎవరికి అందలేదు? బంగ్లాదేశ్ వచ్చాక అక్కడ మిగిలిపోయిన ఉర్దూ మాట్లాడే బీహారీల సంగతి చెప్పాలి. వాళ్ళలో కొందరు పాకిస్తాన్ సైన్యంతో కలిసి హత్యలు చేశారు, నిజం. చేయనివాళ్ళు, ఆడవాళ్ళు, పసిపిల్లలు ఎంతమంది! గెలిచినవాళ్ళ కోపం అందరి మీదా పడింది. ఢాకాలో మొహమ్మద్‌పూర్ అనే చోట రెడ్‌క్రాస్ వాళ్ళకి శిబిరం పెట్టింది. జెనీవా క్యాంప్ అంటారు. అది ఇప్పటికీ ఉంది. అక్కడ పుట్టినవాళ్ళు ఆ దేశ పౌరులేనని 2008లో కోర్టు చెప్పేదాకా వాళ్ళు ఏ దేశంవాళ్ళూ కాదు. మనం అభిమానించే పక్షం గెలిచినప్పుడు కూడా ఈ ప్రశ్న అడగాలి. అప్పుడు అడగడమే కష్టం.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా బరువైన విషయం. నీళ్ళు తాగుతాను, ఒక్క నిమిషం.

రువాండా. 1994 ఏప్రిల్ నుంచి జులై దాకా, వంద రోజుల్లో, ఎనిమిది లక్షలమందిని చంపారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది టుట్సీ అనే తెగవాళ్ళు, చంపించింది హుటూ తెగ పెద్దలు. కత్తులతో, గదలతో, ఇరుగుపొరుగువాళ్ళే. లోకం చూస్తూ కూర్చుంది. ఐక్యరాజ్యసమితి ఉన్న సైనికుల్లో కూడా ఎక్కువమందిని వెనక్కి పిలిచింది. జులైలో టుట్సీల సైన్యం గెలిచింది. అప్పుడు హుటూ జనం లక్షలకొద్దీ సరిహద్దు దాటి జైర్, అంటే ఇప్పటి కాంగో, దేశంలోని గోమా అనే ఊరికి పోయారు. నాలుగైదు రోజుల్లో ఎనిమిది లక్షలమందికి పైగా. అంతమంది ఒక్కసారి వస్తే ఏమవుతుంది? అది అగ్నిపర్వతం పక్కన ఊరు. కింద గట్టిపడిన లావా. మరుగుదొడ్డికి గొయ్యి తవ్వలేరు. శవాలకి గొయ్యి తవ్వలేరు. తాగడానికి కివూ సరస్సు నీళ్ళు. కలరా వచ్చింది, వెనకే రక్తవిరేచనాలు. మొదటి నెలలో యాభై వేలమంది దాకా పోయారు.

టీవీల్లో ఆ బొమ్మలు చూసి లోకం కదిలింది. ఏప్రిల్లో కదలని లోకం జులైలో కదిలింది. విమానాలు, డాక్టర్లు, నీళ్ళ ట్యాంకర్లు, బన్‌గావ్‌లో నిగ్గుతేలిన అదే ఓఆర్ఎస్. చావులు తగ్గాయి. వెళ్ళిన డాక్టర్లు, నర్సులు చేసింది చిన్న పని కాదు.

తర్వాత వాళ్ళకి ఒక విషయం తెలిసింది. ఆ శిబిరాలని నడుపుతున్నది ఎవరు? హత్యలు చేయించిన పెద్దలే. పాత సైన్యం, ఇంతెరహామ్వే అనే మిలీషియా, పాత మేయర్లు, అందరూ ఆ జనంతోపాటే వచ్చి అక్కడ కూర్చున్నారు. రేషన్ పంచాలంటే జాబితా కావాలి. ఎవరి దగ్గరుంది జాబితా? ఊరి పెద్ద దగ్గర. ఊరి పెద్ద ఎవరు? చంపించినవాడు. వాళ్ళు లెక్క ఎక్కువ రాయించారు. మిగిలిన బస్తాలు అమ్ముకున్నారు. ఆ డబ్బు ఆయుధాలకి పోయింది. ఇంటికి తిరిగి పోదామన్నవాళ్ళని బెదిరించారు, కొట్టారు, చంపారు కూడా. సరిహద్దు దాటి వెళ్ళి మళ్ళీ దాడులు చేశారు.

రేషన్ జాబితా ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ళ చేతిలో ఉంటుంది. ఇది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తుఫాను సాయం పంచిన ఏ ఊళ్ళోనైనా చూస్తాం. సర్పంచి ఇంటి ముందు బల్ల వేస్తారు. జాబితాలో పేర్లు అక్కడే చదువుతారు. ఊరి చివర పేటవాళ్ళు ఆ బల్ల దగ్గరికి రావడానికే జంకుతారు. ఒకావిడ నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "మా పేరు రాశారో లేదో అడగడానికి కూడా ఎవరో ఒకరు తోడు రావాలండి." గోమాలో ఆ బల్ల వెనక కూర్చున్నవాడి చేతికి నెత్తురుంది. అంతే తేడా. కానీ ఎంత తేడా!

ఆ సంవత్సరం నవంబర్లో ఎమ్మెసెఫ్, అంటే సరిహద్దుల్లేని డాక్టర్లు, వాళ్ళ ఫ్రాన్స్ శాఖ, శిబిరాలు వదిలి వెళ్ళిపోయింది. హంతకులకి అన్నం పెట్టం, మా సాయంతో వాళ్ళు బలపడుతున్నారు అని చెప్పి మరీ వెళ్ళింది. మిగతా శాఖలు ఇంకొన్నాళ్ళు ఉన్నాయి. మేం వెళ్తే పిల్లల్ని ఎవరు చూస్తారన్నాయి. ఆ పిల్లలు ఎవర్నీ చంపలేదు కదా. భద్రతకి సైన్యం పంపమని ఐక్యరాజ్యసమితి దేశాలని అడిగింది. రాలేదు. చివరికి శరణార్థుల సంస్థే జైర్ సైనికులకి జీతాలిచ్చి కాపలా పెట్టుకుంది. 1996 చివర్లో యుద్ధమే వచ్చి ఆ శిబిరాలని చెల్లాచెదురు చేసింది.

ఎవరు చేసింది సరైంది? ఉండండి, దీనికి వస్తాను. దానికి ముందు ఇంకో మాట చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. మౌనం గురించి.

రెడ్‌క్రాస్ పుట్టుక మీకు పాఠంలో ఉంది. 1859, సోల్ఫెరినో యుద్ధం, హెన్రీ డ్యునాంట్, 1864లో జెనీవా ఒప్పందం. అదంతా తిరిగి చెప్పను. 1942 అక్టోబర్ 14 గురించి మాత్రం చెప్తాను. బర్మా నుంచి మనవాళ్ళు నడిచొచ్చిన ఏడాదే. జెనీవాలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సమావేశం. యూరప్‌లో యూదులని రైళ్ళలో ఎక్కించి తీసుకెళ్ళి చంపుతున్నారని కమిటీకి కబుర్లందుతున్నాయి. ఒక విజ్ఞప్తి రాసి పెట్టుకున్నారు. చాలా మెత్తటి విజ్ఞప్తి. అందులో యూదులన్న మాట కూడా లేదు. దాన్నైనా బయటపెడదామా వద్దా? మార్గరీట్ ఫ్రిక్ క్రామర్ అనే సభ్యురాలు పెట్టాల్సిందే అన్నారు. స్విస్ ప్రభుత్వ పెద్ద ఫిలిప్ ఎటర్ ఆ కమిటీలో సభ్యుడు. ఆయన వద్దన్నారు. చివరికి పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదు? జర్మనీకి కోపం వస్తే యుద్ధఖైదీల శిబిరాలకి పోనివ్వదు. లక్షలమంది ఖైదీలకి పొట్లాలు అందుతున్నాయి, ఉత్తరాలు అందుతున్నాయి. అవి ఆగిపోతాయి. ఇది పిరికిమాట అని కొట్టిపారేయకండి. ఆ ఖైదీలూ మనుషులే. కానీ మన ప్రశ్న వేసి చూడండి. పొట్లం అందినవాడి లెక్క వాళ్ళ దగ్గరుంది. అందనివాడి గురించి తెలుసు, తెలిసీ నోరు తెరవలేదు. ఆ మౌనం తమ చరిత్రలోనే పెద్ద వైఫల్యమని తర్వాత ఆ సంస్థే ఒప్పుకుంది. ఆ విజ్ఞప్తి చూసి హిట్లర్ ఆగేవాడా? నేననుకోను. అయినా చెప్పాల్సిందే. దాక్కోవడానికి, దాచడానికి వీలున్నవాళ్ళు యూరప్‌లో ఇంకా ఉన్నారు. నమ్మదగ్గ నోటి నుంచి మాట వస్తే ఏ పొరుగువాడో తలుపు తీసేవాడు.

పాతికేళ్ళ తర్వాత నైజీరియాలో బియాఫ్రా యుద్ధం. 1967 నుంచి 1970 జనవరి దాకా. విడిపోతామన్న బియాఫ్రా ప్రాంతాన్ని ప్రభుత్వం దిగ్బంధం చేసింది, పిల్లలు ఎముకల గూళ్ళయ్యారు. ఉలి అనే చోట మామూలు రోడ్డునే వెడల్పు చేసి రన్‌వే అన్నారు. రాత్రిళ్ళు, చీకట్లో విమానాలు దిగేవి. దిగే క్షణంలో మాత్రం దీపాలు వేసి వెంటనే ఆర్పేసేవారు. ఒక విమానంలో ఎండుచేపలు, పాలపొడి. వెనకొచ్చే విమానంలో తుపాకులు. అందుకే కూల్చేస్తామని ప్రభుత్వం అనేది. 1969 జూన్ 5న రెడ్‌క్రాస్ విమానాన్ని కూల్చేశారు కూడా. పగలు విమానాలకి, రోడ్డు దారికి బియాఫ్రా నాయకుడు ఒజుక్వు ఒప్పుకోలేదు. ఆకలి పిల్లల ఫొటోలు ఆయనకి ఆయుధమయ్యాయి. ఇటు దిగ్బంధం, అటు ఆ ఆకలితో బేరం. మధ్యలో పిల్లలు.

అక్కడికి రెడ్‌క్రాస్ తరఫున వెళ్ళిన ఫ్రెంచ్ డాక్టర్లు "బయటికి ఏమీ మాట్లాడం" అని సంతకం పెట్టి వెళ్ళారు. తిరిగొచ్చి మాట్లాడారు. వాళ్ళలో కొందరు 1971 డిసెంబర్లో ఎమ్మెసెఫ్ పెట్టారు. నేను వాళ్ళ పక్షమే. కానీ ఒక మాట మర్చిపోకండి. ఫొటోలు లోకమంతా తిప్పడానికి బియాఫ్రా ప్రభుత్వం జెనీవాలో ప్రచార సంస్థని పెట్టుకుంది. మాట్లాడేవాళ్ళు కూడా ఎవరో ఒకరికి పనిముట్టు అయ్యే ప్రమాదం ఉంది. కళ్ళారా చూసింది చెప్పండి. చూడనిది చెప్పకండి. ఒక పక్షం ఇచ్చిన కాగితం చదవకండి.

టైం ఎంతైంది? సరే, చీటీలు చూస్తాను.

"గాజా గురించి ఎందుకు మాట్లాడలేదు?" అని రాశారు. మాట్లాడతాను. 2025 ఆగస్టులో గాజా నగరం ఉన్న ప్రాంతంలో కరువు ఉందని ఐపీసీ అనే నిపుణుల వ్యవస్థ నిర్ధారించింది. 2024 ఆగస్టులో సూడాన్‌లోని జంజం శిబిరంలో కూడా అలాగే తేల్చారు. రెండు చోట్లా వానలు పడక వచ్చిన కరువు కాదది. గాజాలో అప్పుడు తిండి లారీలు సరిహద్దు అవతలే ఉండిపోయాయి. అనుమతి ఇవ్వలేదు, ఇచ్చినా చాలినంత ఇవ్వలేదు. పౌరులని ఆకలితో మాడ్చడం యుద్ధ పద్ధతిగా వాడకూడదని జెనీవా ఒప్పందాలకి చేర్చిన 1977 ప్రొటోకాల్ చెప్పింది. 2018లో భద్రతామండలి 2417వ తీర్మానంలో మళ్ళీ ఖండించింది. బందీలని పట్టుకోవడం కూడా అదే చట్టం ప్రకారం నేరమే. హమాస్ చేసింది నేరం. ఆ నేరానికి జవాబుగా పిల్లల తిండి ఆపడం నేరం. ఒకటి చెప్పడానికి రెండోది మింగక్కర్లేదు. సూడాన్ గురించి చీటీ ఒక్కటీ రాలేదు, చూశారా. అక్కడ కోటిమందికి పైగా ఇళ్ళు వదిలారు. అది టీవీలో రాదు. రానిదాని గురించి అడగడం కూడా మన పనే.

ఇంకో చీటీ. "మేం స్టూడెంట్లం, మా వల్ల ఏమవుతుంది?" అవుతుందమ్మా. పాత బట్టలు మూటకట్టి పంపకండి, వాటిని ఏరడానికే అక్కడ మనుషులు చాలరు. డబ్బు పంపండి. ఎవరికి పంపుతున్నారో వాళ్ళని రెండు ప్రశ్నలు అడగండి. జాబితా ఎవరు తయారుచేస్తారు? పేరు లేనివాడు ఎక్కడికి వెళ్ళి అడగాలి? జవాబు చెప్పలేనివాళ్ళకి పంపకండి. రేపు మీ ఊళ్ళోనే వరదొస్తే మీరే వాలంటీర్లు. అప్పుడు ఆ బల్లని ఊరి చివర పేటలో వేయించండి. శరణార్థుల హక్కుల మీద 1951 ఒప్పందం ఉంది. మన దేశం దాని మీద సంతకం పెట్టలేదు. 1971లో కోటిమందికి చోటిచ్చిన దేశం ఎందుకు పెట్టలేదో మీరు చదివి, మీ ఎంపీని అడగండి. అది అడగడానికి డాక్టరు కానక్కర్లేదు.

ఇదిగో, చివరి చీటీ. "గోమాలో మీరుంటే ఏం చేసేవారు?" ఎవరు రాశారోగానీ వదల్లేదు నన్ను.

జులైలో ఉండేవాణ్ణి. కలరాతో పడి ఉన్నవాడిని నువ్వు ఎవరినైనా చంపావా అని అడగను. డాక్టరు అడగకూడదు. హంతకుడికి కూడా ఓఆర్ఎస్ తాగిస్తాను, వాడిని శిక్షించడానికి కోర్టు ఉంది. చావులు తగ్గాక, సెప్టెంబరు, అక్టోబరు నాటికి, నా పని మారేది. జాబితా ఆ పెద్దల చేతుల్లోంచి తీసి, కుటుంబంలో ఆడమనిషి చేతికి నేరుగా కార్డు ఇవ్వమని అడిగేవాణ్ణి. సాయుధుల్ని శిబిరం నుంచి వేరుచేయమని, సైన్యం పంపమని, పేర్లతో సహా చెప్పి అడిగేవాణ్ణి. ఏదీ జరగలేదు కదా. నవంబర్లో నేను బయటికి వచ్చేసేవాణ్ణి, ఎందుకు వస్తున్నానో బహిరంగంగా చెప్పి. నేను పెట్టే అన్నం మళ్ళీ కత్తి పట్టుకుంటుందని తెలిశాక పెట్టలేను.

కానీ పిల్లల వార్డు వదిలి రానని నా జూనియర్ ఎవరైనా అంటే ఆపేవాణ్ణి కాను. ఆవిడది తప్పనీ అనను. ఒక్కటి మాత్రం అడిగేవాణ్ణి. ఆ వార్డులో ఎంతమంది పిల్లలు బతికారో రాసే కాగితం మీదే, రేషన్ జాబితా ఈ వారం ఎవరి చేతిలో ఉంది, ఎవరి పేరు కొట్టేశారు, ఇంటికి పోతానన్నవాళ్ళని ఎంతమందిని కొట్టారు, అది కూడా రాసి వారం వారం బయటికి పంపమ్మా అని.